గుణగణ శాస్త్ర ప్రవేశిక

1. ఉపోద్ఘాత ప్రకరణం

గణానికి గుణాన్ని తగిలించే విద్య చతుష్షష్టి కళల పట్టికలో కనిపించకపోవడం ఆ పట్టిక లోపమే గాని విద్య లోపం కాదు. వ్యాకరణానికీ ఛందస్సుకూ వ్యాఖ్యానాల మీద వ్యాఖ్యానాలు రాసుకున్న జాతి, కోడిపుంజు రంగుకూ నక్షత్రానికీ గల సంబంధాన్ని సైతం కుక్కుట శాస్త్రంగా గ్రంథస్థం చేసుకున్న జాతి, డైరెక్టరీలో ఒక గడి అదనంగా కావలసి వచ్చినప్పుడు పాటించవలసిన విధిని ఇంతవరకు సూత్రీకరించుకోకపోవడం విస్మయకరం. ఆ లోటును పూరించడానికే ఈ ప్రవేశిక.

ఒక సంస్థలోని మనుషులను, కంప్యూటర్లను, ప్రింటర్లను ఒకే చెట్టుకు కొమ్మలుగా అమర్చి, ఎవరికి ఏ తలుపు తెరుచుకోవాలో నిర్ణయించే వ్యవస్థకు డైరెక్టరీ సర్వీస్ అని లోకవ్యవహారం. అందులో కొందరిని ఒక పేరు కింద చేర్చిన గ్రూపు ఈ శాస్త్రంలో గణం. ఆ గ్రూపుకు అంటిపెట్టుకుని ఉండే పేరు, వివరణ, యజమాని వంటి ఒక్కొక్క అట్రిబ్యూట్ గుణం. నిర్మాతలు దయచేయని గుణాన్ని, ఉదాహరణకు ‘ఈ గణం ఖర్చు ఏ విభాగం పద్దులో రాయాలి’ అన్నదాన్ని, సంస్థ తానే కల్పించి గణానికి జోడించడం ఈ శాస్త్రానికి విషయం. డైరెక్టరీ అడ్మినిస్ట్రేటర్ దీనికి అధికారి. ప్రయోజనం రెండు విధాలు. ఆడిటర్ వచ్చి ‘ఈ గ్రూపు ఎవరిది?’ అని అడిగినప్పుడు సమాధానం చెప్పగలగడం దృష్టప్రయోజనం. అదృష్టప్రయోజనం పేరుకు తగ్గట్టే ఇంకా ఎవరికీ దృష్టిగోచరం కాలేదు.

2. పరంపరా ప్రకరణం

ఈ విద్య అపౌరుషేయం కాదు. దీని మూలం 1988లో వెలువడిన ఎక్స్.500 ప్రమాణం. అంతర్జాతీయ టెలిఫోను వ్యవహారాలు చూసే సీసీఐటీటీ, ప్రమాణాల సంస్థ ఐఎస్‌ఓ కలిసి, భూమండలం మొత్తానికి ఒకే నామవృక్షం ఉంటుందని, దేశాలు దానికి శాఖలు, సంస్థలు ఉపశాఖలు, మనుషులు పత్రాలు అవుతారని సంకల్పించాయి. ఆ మహావృక్షం మొలవలేదు. దాని కొమ్మలు మాత్రం ప్రతి కంపెనీ సర్వర్ గదిలోనూ విడివిడిగా అంటు కట్టబడ్డాయి. 1993లో మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన టిమ్ హౌస్ మరి ఇద్దరితో కలిసి ఈ గురుతర విద్యను లఘుతరం చేసి ఎల్‌డాప్ అనే పేరుతో ప్రకటించాడు. 1997లో దాని మూడో సంస్కరణ వచ్చింది. 2000 ఫిబ్రవరిలో విండోస్ 2000తోపాటు యాక్టివ్ డైరెక్టరీ అవతరించడంతో మైక్రోసాఫ్ట్ వారి రెడ్మండ్ సంప్రదాయం ఆరంభమైంది.

ఈ విద్యకు ప్రమాణగ్రంథాలైన ఆర్‌ఎఫ్‌సీలను శ్రుతిగా గ్రహించాలా స్మృతిగా గ్రహించాలా అనే సంశయం పుడుతుంది. 1997 నాటి 2251ను 2006లో 4511 తదితరాలు రద్దు చేశాయి కనుక, రద్దుకు లోనయ్యేది శ్రుతి కాజాలదు కనుక, ఇవి స్మృతులే.

3. గణలక్షణ ప్రకరణం

2006 నాటి ఆర్‌ఎఫ్‌సీ 4519 ప్రకారం ‘గ్రూప్ ఆఫ్ నేమ్స్’ అనే శుద్ధగణానికి నిత్యగుణాలు రెండు, కామ్యగుణాలు ఆరు. పేరు, సభ్యుడు అనేవి నిత్యాలు. వ్యాపార వర్గం, ‘ఇది కూడా చూడుము’, యజమాని, విభాగం, సంస్థ, వివరణ అనేవి కామ్యాలు. ఖర్చు పద్దు లేదు. గడువు తేదీ లేదు. ఆమోదించే అధికారి లేడు. ‘ఇది కూడా చూడుము’ ఉంది. ఋషుల ఆంతర్యాన్ని ప్రశ్నించే అధికారం మనకు లేదు.

ఇక్కడ ఒక సూక్ష్మం గమనార్హం. సభ్యుడు నిత్యగుణం కావడంచేత, సభ్యుడు లేని శుద్ధగణం పుట్టజాలదు. పుట్టినదానిలోంచి చివరి సభ్యుణ్ణి తొలగించనూ జాలము. సభ్యులు రాకముందే గణం కావాలనే యజమానుల కోరికకూ ఈ శూన్యగణ నిషేధానికీ సమన్వయం కుదర్చడానికి రెండు ఆచారాలు పుట్టాయి. లోకంలో లేని ఒక డమ్మీ పురుషుణ్ణి ప్రథమ సభ్యుడిగా ప్రతిష్ఠించడం మొదటిది. అడ్మినిస్ట్రేటర్ తన పేరే పెట్టుకోవడం రెండోది. ఈ రెండో ఆచారం పాటించినవాడు తాను వేతనాల మంజూరు గణంలోనూ, క్యాంటీన్ ఫిర్యాదుల గణంలోనూ, నూతన మాతృమూర్తుల సహాయ గణంలోనూ ఏకైక సభ్యుడిగా కొనసాగుతున్న సంగతిని చాలా కాలానికి ఆడిట్ నివేదిక ద్వారా తెలుసుకుంటాడు.

రెడ్మండ్ సంప్రదాయంలో శూన్యగణానికి నిషేధం లేకపోగా ఒకచోట అది ప్రశస్తం కూడా. గుణసృష్టికి అధికారమిచ్చే ‘స్కీమా అడ్మిన్స్’ గణం పని లేనప్పుడు ఖాళీగానే ఉండాలని ఆ సంప్రదాయం చెబుతుంది. ఒక మతంలో శూన్యం అసంభవం, మరో మతంలో శూన్యం ఆదర్శం. ఈ భేదాన్ని గ్రహించకుండా ఒక చోట నేర్చిన విద్యను మరో చోట ప్రయోగించేవారు ఉభయభ్రష్టులవుతారు.

యూనిక్స్ వారి ‘పోజిక్స్ గ్రూప్’ విషయంలో వివాదం మరింత లోతైనది. 1998 నాటి ఆర్‌ఎఫ్‌సీ 2307 దాన్ని స్ట్రక్చరల్ తరగతి, అంటే జన్మజాతి, అంది. శుద్ధగణం కూడా జన్మజాతే. ఒక వస్తువుకు పరస్పర సంబంధం లేని రెండు జన్మజాతులు పొసగవు కనుక, ఒకే గణం శుద్ధగణమూ పోజిక్స్ గణమూ కాజాలదు. ఈ సంకటాన్ని తప్పించడానికి 2307బిస్ అనే ముసాయిదా పోజిక్స్ గ్రూప్‌ను ఆగ్జిలరీగా, అంటే ఉపనయనంతో వచ్చే జాతిగా, మార్చింది. ఆ ముసాయిదా ఆర్‌ఎఫ్‌సీగా పట్టాభిషేకం పొందలేదు. అయినా సగం లోకం దాన్నే ఆచరిస్తోంది. ముసాయిదా ఆచారమై, ఆచారం ధర్మమై కూర్చోవడం మన దేశంలో కొత్త కాదు గనుక దీనిపై విస్తరించను.

4. అభావ ప్రకరణం

లేని గుణాన్ని గణానికి తగిలించబోతే డైరెక్టరీ తిరస్కరిస్తుంది. తిరస్కారం ఒక్కటే అనుకోవడం పామరత్వం. తార్కికులు చెప్పిన నాలుగు అభావాలకు సరిగ్గా నాలుగు దోషసంఖ్యలు ఉన్నాయి.

స్కీమాలో, అంటే గుణాల, తరగతుల నిర్వచనాల పట్టికలో, ఇంకా నిర్వచించని గుణాన్ని వాడబోతే 17వ దోషం. ఆ గుణం ఇంకా పుట్టలేదు. కుండ పుట్టకముందు మట్టిలో కుండ లేనట్టు ఇది ప్రాగభావం. ఉన్న విలువ ఒకప్పుడు తొలగిపోయి ఉండగా దాన్ని మళ్లీ తొలగించబోతే 16వ దోషం, అది ప్రధ్వంసాభావం. గుణం స్కీమాలో ఉంది, గణమూ ఉంది, కానీ ఆ జాతి గణానికి ఆ గుణం చెల్లదంటే 65వ దోషం. రూపం ఉండీ, వాయువు ఉండీ, వాయువులో రూపం లేకపోవడం వంటి అత్యంతాభావం. సంఖ్య ఉండవలసిన గడిలో అక్షరాలు రాస్తే 21వ దోషం. ఘటం పటం కాదు, పటం ఘటం కాదు అనే అన్యోన్యాభావం.

అవును–కాదు జాతి గుణాల్లో ఈ నాలుగోది ఎక్కువగా సంభవిస్తుంది. ‘ట్రూ’, ‘ఫాల్స్’ అనే రెండు మాటలే, అవీ పెద్దక్షరాల్లోనే, అక్కడ ప్రమాణం. ‘యస్’ అన్నవాడికీ, ‘1’ అన్నవాడికీ, వినయంగా చిన్నక్షరాల్లో రాసినవాడికీ కఠినమైన సర్వర్లు ఇచ్చే సమాధానం ఒక్కటే.

రెడ్మండ్ సంప్రదాయంలో ప్రాగభావానికి సైతం 16నే చెప్పడం కద్దు. ఎన్నడూ పుట్టనిదానికీ, పుట్టి పోయినదానికీ తేడా చూపకపోవడం ఏ నైయాయికుడూ సహించే విషయం కాదు. ఈ అవ్యవస్థ వల్లనే, పుట్టని గుణం ఎక్కడ పోయిందా అని బ్యాకప్‌లు తిరగేసినవారున్నారు.

5. ప్రవర ప్రకరణం

ప్రతి గుణానికీ లోకంలో మరే గుణానికీ లేని ఒక సంఖ్య ఉండాలి. దాన్ని ఓఐడీ అంటారు. ఇది చుక్కలతో విడదీసిన అంకెల వరస. వంశకర్త నుంచి తన వరకు ఋషుల పేర్లు వరసగా చెప్పుకునే ప్రవర వంటిది. సంస్థలు తమ గుణాలకు వాడే ప్రసిద్ధ ప్రవర 1.3.6.1.4.1 అని మొదలవుతుంది. ఇందులో 1 అంటే ఐఎస్‌ఓ, 3 అంటే అది గుర్తించిన సంస్థలు, 6 అంటే అమెరికా రక్షణ శాఖ, తరువాతి 1 ఇంటర్నెట్, 4 ప్రైవేటు, చివరి 1 వాణిజ్య సంస్థలు. ఆ పిమ్మట ఇంటర్నెట్ సంఖ్యలు పంచే ఐఏఎన్ఏ ఉచితంగా ప్రసాదించే సంస్థాసంఖ్య, దాని వెనక సంస్థ తానిచ్చుకునే అంకెలు. కాబట్టి పచ్చళ్లు అమ్ముకునే కంపెనీ తన డైరెక్టరీ గణానికి ‘ఖర్చు పద్దు’ అనే గుణం పెట్టుకున్నా, ఆ గుణం ప్రవరలో అమెరికా రక్షణ శాఖ తప్పనిసరిగా వస్తుంది.

ప్రవరలు మరికొన్ని ఉన్నాయి. 1.2.840.113556 అనేది మైక్రోసాఫ్ట్‌ది. 840 అమెరికా దేశపు సంఖ్య. మన దేశానిది 356. సొంత సంఖ్య కోసం ఐఏఎన్ఏకు దరఖాస్తు పెట్టే ఓపిక లేనివారికి మైక్రోసాఫ్ట్ ఒక స్క్రిప్టు ఇచ్చింది. అది యాదృచ్ఛిక సంఖ్యను ముక్కలు చేసి తన ప్రవర చివర తగిలించి సుదీర్ఘమైన ఓఐడీని కల్పిస్తుంది. ఇలా పుట్టిన గుణాలు దత్తపుత్రులు. వారసత్వం చెల్లుతుంది గాని పేరు పిలవడం కష్టం. మూడో తరగతి వారు, ఏదో పుస్తకంలో ఉదాహరణగా ఇచ్చిన ఓఐడీని చూసి ఎత్తి రాసినవారు. వీరి విషయంలో శాస్త్రం మౌనం వహిస్తుంది. అదే ఓఐడీని ఎత్తి రాసిన మరో కంపెనీని వీరి కంపెనీ కొని, రెండు స్కీమాలనూ కలపవలసిన రోజున మాత్రం మౌనం కుదరదు.

6. గుణభేద ప్రకరణం

గుణాలు విలువల సంఖ్యను బట్టి ద్వివిధం: ఏకమూల్యం, బహుమూల్యం. గణానికి యజమాని ఒక్కడే అని నమ్మి ఏకమూల్యంగా సృష్టించినవాడు, ఆ తర్వాత విభాగం రెండుగా చీలి యజమానులు ఇద్దరైనప్పుడు పశ్చాత్తప్తుడవుతాడు. యాక్టివ్ డైరెక్టరీలో ఈ లక్షణం సృష్టి సమయంలోనే స్థిరం, తరువాత మార్చరాదు. గుణం సంఖ్యా, అక్షరమా, తేదీయా అనే వాక్యవిధి కూడా అంతే.

ఇక్కడ ‘వివరణ’ అనే ప్రసిద్ధ గుణం గురించి ఒక రహస్యం చెప్పాలి. యాక్టివ్ డైరెక్టరీ స్కీమా ప్రకారం అది బహుమూల్యం. కానీ గణాల మీదా మనుషుల మీదా రెండో వివరణ పెట్టబోతే వ్యవస్థ ఒప్పుకోదు. అక్కడ అది ఏకమూల్యంగానే నడుస్తుంది. శాస్త్రంలో బహుత్వం, ఆచారంలో ఏకత్వం. దీన్ని ఏకవాక్యత చేయడానికి వ్యాఖ్యాతలు పడిన పాట్లు ఇక్కడ వర్ణించను.

సంబంధాన్ని బట్టి గుణాలు బింబాలు, ప్రతిబింబాలు. గణంలోని ‘మెంబర్’ బింబం, వ్యక్తి మీది ‘మెంబర్ ఆఫ్’ దాని ప్రతిబింబం. బింబానికి సరిసంఖ్య లింకు ఇస్తారు, ప్రతిబింబానికి దాని పైనున్న బేసిసంఖ్య. ‘మెంబర్’కు 2, ‘మెంబర్ ఆఫ్’కు 3. ప్రతిబింబాన్ని నేరుగా దిద్దడం అసాధ్యం. అద్దంలో బొట్టు పెట్టబోయేవారు నూతన అడ్మినిస్ట్రేటర్లలో ఏటా కనబడతారు.

ఆవశ్యకతను బట్టి గుణాలు నిత్యాలు, కామ్యాలు అని పైన చెప్పాను. యాక్టివ్ డైరెక్టరీలో ఇదివరకే ఉన్న తరగతికి కొత్తగా నిత్యగుణాన్ని జోడించడం నిషిద్ధం; జోడించేవన్నీ కామ్యాలే. అందుచేత ‘ఖర్చు పద్దు లేని గణం ఉండరాదు’ అని ఆర్థిక విభాగం ఎంత గట్టిగా శాసించినా, డైరెక్టరీ ఆ శాసనాన్ని కోరికగానే స్వీకరిస్తుంది. ఫ్రీఐపీఏ అనే శాఖలో మరో పరిమితి ఉంది: కొత్త గణాలకు డిఫాల్టుగా ఏ తరగతులు తగలాలో మార్చితే, ఆ మార్పు ఇకపై పుట్టే గణాలకే వర్తిస్తుంది. పాతవాటికి ఒక్కొక్కదానికీ విడిగా సంస్కారం చేయాలి. పాతవి ఎన్నున్నాయో లెక్క చూసిన తర్వాత సంస్కర్తలు సాధారణంగా సెలవు పెడతారు.

భాషను బట్టి విభాగం తెలుగువారికి విశేషంగా ఉపయోగిస్తుంది. ఐఏ5 స్ట్రింగ్ అనే వాక్యవిధిలో సృష్టించిన గుణం తెలుగు అక్షరాన్ని అంగీకరించదు. డైరెక్టరీ స్ట్రింగ్‌లో సృష్టించినది అంగీకరిస్తుంది. అంగీకరించిన తరువాతి విధి ఆసక్తికరం. ఎల్‌డిఫ్ అనే పాఠరూపంలోకి ఆ గణాన్ని ఎత్తి రాసినప్పుడు, గుణం పేరు తరవాత ఒక కోలన్‌కు బదులు రెండు కోలన్లు పడతాయి. ఆ వెనక బేస్64 లిపిలో మాట వేషం మార్చుకుని కనిపిస్తుంది. ‘వేతనాలు’ అనే నాలుగక్షరాల మాట యూనికోడ్‌లో 7 సంకేతాలు, యూటీఎఫ్-8లో 21 బైట్లు, బేస్64లో 28 చిహ్నాలు అవుతుంది. అంతకంటే విచిత్రం, ఆ 28ని నాలుగేసి చిహ్నాల గుంపులుగా విడదీస్తే ప్రతి గుంపూ ‘4ఎల్’ అనే జంటతోనే ఆరంభమవుతుంది. ఖాళీ గాని, ఆంగ్లాక్షరం గాని, మరే తెలుగేతర సంకేతం గాని మధ్యలో రానంతవరకు ఏ తెలుగు మాటైనా ఇంతే. అభ్యాసం గల అడ్మినిస్ట్రేటర్ పాఠాన్ని డీకోడ్ చేయకుండానే ‘ఇది తెలుగు’ అని చెప్పగలగడానికి కారణం ఇదే. ఏ మాటో మాత్రం చెప్పలేడు.

7. మతభేద ప్రకరణం

కొత్త సమాచారాన్ని ఎక్కడ నిలపాలన్న ప్రశ్న మీద లోకంలో మతాలు అనేకం.

నామవాదులు గణం పేరులోనే సర్వం నిక్షేపిస్తారు. ఊరు, విభాగం, అధికారం, ఖర్చు పద్దు, సంవత్సరం, అన్నీ అడ్డగీతలతో కలిపి ఒకే సమాసం చేస్తారు. దండి మహాకవి గద్యంలో మెచ్చిన సమాస బాహుళ్యం వీరికి ఆదర్శం. కానీ యాక్టివ్ డైరెక్టరీలో ఆ పేరుకు 64 అక్షరాల పరిమితి ఉండడంచేత వీరు పదాలను కత్తిరిస్తారు. కత్తిరించిన పదాలకు అర్థం చెప్పే నిఘంటువు మరో ఎక్సెల్ షీటులో ఉంటుంది.

వర్ణనావాదులు వివరణ గడిని ఆశ్రయిస్తారు. ‘యజమాని=ఫలానా; పద్దు=4410; గడువు=మార్చి’ అని వరసగా రాయడం వీరి శైలి. వీరిలో సెమీకోలన్ శాఖ, నిలువుగీత శాఖ అని రెండు. రెండు శాఖలవారూ ఒకే కార్యాలయంలో ఉన్నచోట, ఆ గడిని చదివి నివేదిక తయారుచేసే స్క్రిప్టు ప్రతి సోమవారం చచ్చి ప్రతి మంగళవారం లేస్తుంది. గణం మొదటి పేజీలో ‘నోట్స్’ అనే గడి ఉంది. దాని అసలు పేరు ‘ఇన్ఫో’, పరిమితి 1024 అక్షరాలు. అక్కడ రాసేవారు వర్ణనావాదుల్లో సంన్యాస శాఖ. రాస్తారు గాని ఎవరూ చదవాలని కోరరు.

సర్వంసహవాదులు గణానికి ‘ఎక్స్‌టెన్సిబుల్ ఆబ్జెక్ట్’ అనే ఆగ్జిలరీ తరగతిని తగిలిస్తారు. అప్పుడు స్కీమాలో ఉన్న ఏ గుణమైనా ఆ గణానికి చెల్లుతుంది. గణానికి ఇంటి ఫోను నంబరు, కారు నంబరు, జేపెగ్ ఫొటో సైతం పెట్టవచ్చు. వీరిది మోక్షమార్గమని కొందరు, స్వైరమార్గమని కొందరు.

పంచదశవాదులు సంఖ్యలో అధికులు. సంస్థలో ఎక్స్చేంజ్ మెయిల్ వ్యవస్థ ప్రవేశించినప్పుడు అది తనతో 15 ఖాళీ గుణాలను తెచ్చి స్కీమాలో పెడుతుంది. ఎక్స్‌టెన్షన్ అట్రిబ్యూట్ 1 నుంచి 15 వరకు. పేర్లు లేవు, అర్థాలు లేవు, అంకెలే. సంస్థ ఇష్టం వచ్చిన అర్థం ఇచ్చుకోవచ్చు. గణాలకూ ఇవి చెల్లుతాయి.

సృష్టివాదులు వీరికి ప్రతిపక్షం. స్కీమాలో స్వంత గుణాన్ని స్వంత ఓఐడీతో, స్వంత పేరుతో సృష్టించి, గణం తరగతికి జోడించడమే ధర్మమంటారు.

ఈ ఇద్దరి వాదాన్ని అధికరణ రీతిలో చూద్దాం. ‘ఖర్చు పద్దును ఎక్కడ పెట్టాలి’ అన్నది విషయం. సిద్ధంగా ఉన్న గడిలోనా, కొత్తగా సృష్టించిన గుణంలోనా అన్నది సంశయం. పూర్వపక్షం: సిద్ధవస్తువు ఉండగా సృష్టి వ్యర్థం, స్కీమాను తాకడం ప్రమాదకరం, 7వ గడి ఖాళీగా ఉంది, దాన్ని వాడుకుంటే సరిపోతుంది. ఇందుకు సృష్టివాదుల ఉత్తరం: 7వ గడి ఖాళీగా ఉందని ఎలా తెలిసింది? గణాల మీద ఖాళీయే కావచ్చు. మనుషుల మీద అదే గడిలో ఎవరో ‘ఎన్’ అని రాసి ఉన్నారు. ఆ ‘ఎన్’ ఏమిటో రాసినవాడు సంస్థ వదిలి వెళ్లాడు. అది చెరిపితే ఏమవుతుందో తెలియదు. చెరపకపోతే ఏమీ కావడం లేదు. పంచదశవాది దీనికి మౌనం వహించి, కొంతసేపటికి ‘అయితే 8 వాడదాం’ అంటాడు. అధికరణం ఇక్కడ ముగియదు. 8, 9ల మీదుగా 15 వరకు సాగి, 15 తరవాత ముగుస్తుంది. కావున సిద్ధాంతం సృష్టివాదులదే. ఈ గ్రంథకర్తదీ అదే మతం.

మేఘమండల సంప్రదాయం, అంటే మైక్రోసాఫ్ట్ ఎంట్రా, నిన్నమొన్నటిది. అక్కడ డైరెక్టరీ ఎక్స్‌టెన్షన్‌గా సృష్టించిన గుణం పేరు ‘ఎక్స్‌టెన్షన్’ అనే మాటతో ఆరంభమై, దాన్ని సృష్టించిన యాప్ తాలూకు 32 చిహ్నాల గుర్తింపును మోసుకుని, చిట్టచివర మనం పెట్టిన పేరుతో ముగుస్తుంది. సృష్టించిన యాప్‌ను తొలగిస్తే ఆ గుణం ఎవరికీ కనబడకుండా పోతుంది. తండ్రి పోయాక బిడ్డ అదృశ్యమయ్యే ధర్మం ఇతర శాస్త్రాల్లో లేదు.

8. దీక్షా ముహూర్త ప్రకరణం

యాక్టివ్ డైరెక్టరీ అరణ్యంలో (ఫారెస్ట్ అన్నది వారి పరిభాషే) స్కీమా మాస్టర్ హోదా ఒకే సర్వర్‌కు ఉంటుంది. గుణసృష్టి ఆ సర్వర్ మీదనే జరగాలి. ముందు అడ్మినిస్ట్రేటర్ స్కీమా అడ్మిన్స్ గణంలో తన పేరు చేర్చుకుని, ఒకసారి లాగాఫ్ అయి మళ్లీ లాగిన్ కావాలి. ఈ పునఃస్నానం లేనిదే అధికారం ఒంటికి పట్టదు. స్కీమాను చూపే పరికరం సాధారణంగా మెనూలో దొరకదు. దాని డీఎల్‌ఎల్ ఫైలును కమాండ్ లైనులో చేత్తో రిజిస్టర్ చేసినవాడికే దర్శనమిస్తుంది. తరవాత ‘కొత్త అట్రిబ్యూట్’ నొక్కగానే ఒక హెచ్చరిక వస్తుంది: ఈ సృష్టి శాశ్వతం, తిరిగి చెరపలేరు, నిష్క్రియం మాత్రమే చేయగలరు. దాన్ని చదివి కంటిన్యూ నొక్కినవాడు దీక్షితుడు. చదవకుండా నొక్కినవాడు కూడా దీక్షితుడే.

ముహూర్తం విషయంలో అమెరికా కంపెనీలకు హైదరాబాద్ నుంచి సేవ చేసేవారికి ప్రత్యేక విధి ఉంది. అమెరికా తూర్పు తీరంలో శుక్రవారం రాత్రి పదింటికి చేంజ్ విండో తెరుచుకుంటే, వేసవిలో మనకు శనివారం ఉదయం ఏడున్నర, చలికాలంలో ఎనిమిదిన్నర. టిఫిన్‌కు ముందా తరవాతా అనే విషయంలో మతభేదం ఉంది. హెచ్చుజాగ్రత్త గలవారు సృష్టికి ముందు స్కీమా మాస్టర్ నుంచి బయటికి పోయే రెప్లికేషన్‌ను ఆపి, ఫలితం పరీక్షించి, తృప్తి కలిగాక మళ్లీ తెరుస్తారు. ఆపడం చాలామందికి గుర్తుంటుంది. తెరవడమే మరుపుకు వస్తుంది. సోమవారం ఫోను మోగే వరకు.

9. దర్శన ప్రకరణం

సృష్టించిన గుణం ఎవరికీ కనిపించదు. గణం మీద రెండుసార్లు నొక్కితే తెరుచుకునే పేజీల్లో పేరు, సభ్యులు, యజమాని ఉంటాయి గాని కొత్త గుణానికి గడి ఉండదు. దాన్ని చూడాలంటే యాక్టివ్ డైరెక్టరీ నిర్వహణ పరికరంలోని వ్యూ మెనూలో ‘అడ్వాన్స్‌డ్ ఫీచర్స్’ మీద టిక్కు పెట్టాలి. అప్పుడు ‘అట్రిబ్యూట్ ఎడిటర్’ అనే ట్యాబ్ ప్రత్యక్షమవుతుంది. కానీ గణాన్ని వెతుకులాట ద్వారా తెరిస్తే అదే గణానికి ఆ ట్యాబ్ ఉండదు. చెట్టు కొమ్మలు దిగుతూ నడిచి వచ్చినవాడికే ఉంటుంది. వెదికితే దొరకనిది, నడిచి వస్తే దొరికేది అన్న ఈ లక్షణాన్ని వేదాంతులు తమ పక్షాన వాడుకోవడానికి చూశారు గాని, అది ఆ పరికరంలో ఎన్నో ఏళ్లుగా ఉన్న లోపమని ఆచారజ్ఞుల నిర్ణయం.

10. అవినాశ ప్రకరణం

యాక్టివ్ డైరెక్టరీ స్కీమాలో పుట్టిన గుణానికి మరణం లేదు. డీఫంక్ట్ అనే స్థితి ఉంది, అది సమాధి. కావాలంటే అందులోంచి లేపవచ్చు. కాబట్టి అక్షరదోషంతో సృష్టించిన గుణం అక్షరదోషంతోనే ఆ అరణ్యం ఉన్నంతకాలం ఉంటుంది. ‘సెంటర్’ అనే మాటకు బ్రిటిష్ వర్ణక్రమం వాడిన గుణం, దాన్ని దిద్దడానికి అమెరికా వర్ణక్రమంలో మళ్లీ సృష్టించిన గుణం, రెండూ ఒకే స్కీమాలో పక్కపక్కన నివసించే చోట్లు ఉన్నాయి. సగం గణాలు ఒకదాన్ని, సగం గణాలు రెండోదాన్ని ఆశ్రయించి ఉంటాయి. వాటిలో ఏది ప్రమాణమని అడిగితే రెండూ అని సమాధానం వస్తుంది. ఓపెన్‌ఎల్‌డాప్ అనే డైరెక్టరీ సర్వర్ వారు ఫైలులో ఒక పంక్తి తీసేస్తే గుణం పోతుందని గర్విస్తారు. ఆ గుణాన్ని వాడుతున్న గణాలు మిగిలి ఉండగా పంక్తి తీసినవారు ఆ గర్వాన్ని ఎక్కువ కాలం నిలుపుకోలేదు.

11. ఆచార విధి

స్కీమాలో ప్రతి గుణానికీ ‘అడ్మిన్ డిస్క్రిప్షన్’ అనే ఒక గడి ఉంది. ఓపెన్‌ఎల్‌డాప్‌లో ఇదే పనికి ‘డెస్క్’ అనే పదం ఉంది. ఆ గుణం దేనికి పుట్టింది, ఎవరు నింపాలి, విలువల అర్థం ఏమిటి అన్నది రాయడానికే అది ఏర్పడింది. ఎవరికీ ప్రత్యేక అనుమతి అక్కర్లేదు. గుణాన్ని సృష్టించే చేతికి ఆ గడి నింపే అధికారమూ ఉంటుంది. అడ్మినిస్ట్రేటర్ మహాశయులకు విజ్ఞప్తి: ఈ శనివారం స్కీమా అడ్మిన్స్‌లోంచి మీ పేరు తీసేసుకునే ముందు, ఆ గడిలో ఒక్క వాక్యం రాసి పెట్టండి. 7వ గడిలోని ‘ఎన్’ మీరు రాసిందే అయితే, దాని అర్థం కూడా.